ఆరోల్సెన్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్: స్టేజీ బంధువు దగ్గర పెరిగిన శరణార్థి పిల్లని వెతకడానికి ఎంతవరకు పనికొస్తుంది?

డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. నిబంధనలకి సరే అని ఒక్క నొక్కు నొక్కితే లోపలికి వెళ్ళిపోవచ్చు. నాజీల చేతికి చిక్కినవాళ్ళ కాగితాలు ఇంత పెద్దఎత్తున ఒకేచోట దొరికే ఆర్కైవ్ ఇంకోటి లేదు. అయినా మీరు వెతికేది చిక్కకుండా తప్పించుకున్న పిల్లని అయితే, జర్మనీలోని బాద్ ఆరోల్సెన్ నుంచి నడిచే ఈ సైటు మొదటి పది నిమిషాల్లోనే ఉసూరుమనిపిస్తుంది. పేరు కొడతారు, ఏమీ రాదు, మూసేస్తారు. అలా మూసెయ్యడమే తప్పు. వెతకాల్సింది పిల్ల పేరుతో కాదు.

ఇక్కడ చూస్తున్నది ఒకే రకం కేసు. 1938, 39ల్లో బెర్లిన్ నుంచో వియన్నా నుంచో బయటపడి, లండన్‌లో స్టేజీ మీద పొట్టపోసుకునే బంధువు దగ్గర యుద్ధం అయ్యేదాకా పెరిగిన యూదు పిల్ల. బంధువు గాయని కావచ్చు, డాన్సరు కావచ్చు, వెరైటీ షోలో తాడు మీద నడిచే మనిషి కావచ్చు. ఇలాంటి పిల్ల మీద నవల రాసేవాళ్ళకీ, జీవితచరిత్ర అనువదించేవాళ్ళకీ, పరిశోధన చేసేవాళ్ళకీ ఈ సైటు ఎక్కడ ఉపయోగపడుతుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే ఈ సమీక్ష. మార్కులు వెయ్యాలంటే వెనక మిగిలిపోయిన తల్లిదండ్రుల విషయంలో అయిదుకి నాలుగున్నర, పిల్ల విషయంలో రెండు, స్టేజీ బంధువు విషయంలో ఒకటి. ఆ ఒకటి కూడా వాళ్ళ విచారణ ఫైళ్ళ పుణ్యమే.

ఇది మామూలు లైబ్రరీ కాదు, మనుషుల్ని వెతకడానికి పెట్టిన ఆఫీసు. యుద్ధం మధ్యలో, 1943లో, మిత్రరాజ్యాల కోసం బ్రిటిష్ రెడ్‌క్రాస్‌లో మొదలైన విభాగం 1946లో ఆరోల్సెన్‌కి చేరింది. 1948 నుంచి ఇంటర్నేషనల్ ట్రేసింగ్ సర్వీస్ అన్నారు. 1955 నుంచి 2012 దాకా రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ నడిపింది. బయటి పరిశోధకులకి తలుపు తెరిచింది 2007లో. ఇప్పటి పేరు 2019 మేలో వచ్చింది, పెద్దఎత్తున పత్రాలు ఆన్‌లైన్‌లోకి వచ్చిందీ అప్పుడే. మొత్తం దాదాపు 3 కోట్ల పత్రాలు, సుమారు 1.75 కోట్ల మంది వివరాలు. పుస్తకాలు సర్దినట్టు కాకుండా ‘ఈ మనిషి ఏమయ్యాడు’ అనే ప్రశ్న చుట్టూ సర్దారు. ఎవరో ఒకరు అడిగితేనే ఫైలు పుట్టేది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే సగం దారి తెలిసినట్టే.

మరి పిల్ల పేరు ఎందుకు రాదు? బ్రిటన్‌కి కిండర్‌ట్రాన్స్‌పోర్ట్‌ల మీద (నాజీల నుంచి తప్పించడానికి పిల్లల్ని తల్లిదండ్రులు లేకుండా తరలించిన ప్రయాణాలు) దాదాపు 10,000 మంది పిల్లలు వచ్చారు. మొదటి బృందం హార్విచ్ రేవులో దిగింది 1938 డిసెంబరు 2న. వాళ్ళ కాగితాలు లండన్‌లో పిల్లల్ని తెచ్చిన సంస్థల దగ్గరా, బ్రిటిష్ హోం ఆఫీసు దగ్గరా పోగయ్యాయి. ఆరోల్సెన్‌కి చేరే పని లేదు. యుద్ధం అయ్యాక ఐక్యరాజ్య సహాయ సంస్థలు పిల్లల కోసం పెద్ద వెతుకులాటే చేశాయి, ఆ కాగితాలు ఆరోల్సెన్‌లోనే ఉన్నాయి. కాకపోతే అది ‘తోడులేని పిల్లల’ వెతుకులాట. స్వదేశం బయట, తల్లిదండ్రులూ దగ్గరి బంధువులూ లేకుండా దొరికిన పిల్లలే ఆ లెక్కలోకి వస్తారు. అత్త చెయ్యి పట్టుకుని ఉన్న పిల్ల రాదు. ఆమెని కాపాడిన బంధుత్వమే ఆమెని కాగితం మీద నుంచి తుడిచేసింది.

అందుకని సైటు తెరవకముందే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఆ బంధువు పిల్లకి ఏమవుతుంది? ఇంగ్లీషు కాగితాల్లో ‘ఆంట్’ అని ఉంటుంది, జర్మన్ కాగితాల్లో ‘టాంటె’ అని. ఈ రెండు మాటలూ వెతికేవాళ్ళకి ఏమీ చెప్పవు. తెలుగులో ఆలోచించండి, చిక్కుముడి విడిపోతుంది. మేనత్త అయితే ఆమె పుట్టింటి ఇంటిపేరూ పిల్ల ఇంటిపేరూ ఒకటే. తల్లి చెల్లెలో అక్కో అయితే ఆమె పుట్టింటి ఇంటిపేరు, పిల్ల తల్లి పుట్టింటి ఇంటిపేరు ఒకటి. మన మాటల్లోనూ ఒక మెలిక ఉంది: బాబాయి భార్య కూడా పిన్నే, మేనమామ భార్య కూడా అత్తే. వీళ్ళ పుట్టింటి పేరు పట్టుకుని ఎంత వెతికినా పిల్ల కుటుంబం తగలదు, అత్తింటి పేరు పట్టుకోవాలి. అందుకే ఒక కాగితం మీద రెండు నిలువు గళ్ళు గీసి, ఒకదాంట్లో తండ్రి వైపు ఇంటిపేర్లు, రెండోదాంట్లో తల్లి వైపు ఇంటిపేర్లు రాసుకుని కూర్చోండి. మూడో గడి స్టేజీ పేరుకి.

ఆ మూడో గడి దగ్గరే చాలామంది బోల్తా పడతారు. మొదట వృత్తి మాట సంగతి. ‘ఆర్టిస్ట్’ అంటే మన సినిమావాళ్ళకి నటుడు, బడిపిల్లలకి బొమ్మలేసేవాడు. జర్మన్ కాగితంలో ‘ఆర్టిస్ట్’ అనో ‘ఆర్టిస్టిన్’ అనో ఉంటే బొమ్మలేసేవాళ్ళూ కాదు, నాటకాల్లో వేషాలేసేవాళ్ళూ కాదు: సర్కస్‌లోనో వెరైటీ స్టేజీ మీదో విన్యాసాలు చేసే మనిషి. బొమ్మలు వేసేవాడు ‘మాలర్’. నటి అయితే ‘షౌష్పీలరిన్’, గాయని అయితే ‘జెంగరిన్’, నర్తకి అయితే ‘టెన్ట్సరిన్’, వాద్యబృందాన్ని నడిపేవాడు ‘కపెల్‌మైస్టర్’. ఇంగ్లీషు కాగితాల్లో మాట చివర ఇ అక్షరం ఉంటే స్టేజీ మనిషి, లేకపోతే చిత్రకారుడు. నకలు తీసేటప్పుడు ఆ ఇ రాలిపోయిందంటే వృత్తే మారిపోతుంది.

తర్వాత పేరు. జర్మన్ కాగితాల్లో పేరు పక్కన రెండు పొట్టి మాటలు వస్తాయి. ‘గెబ్.’ అంటే పుట్టుక: దాని తర్వాత తేదీ ఉంటే పుట్టినరోజు, పేరుంటే పుట్టింటి ఇంటిపేరు. ‘గెన్.’ అంటే ‘అని పిలవబడే’, అంటే మారుపేరు. స్టేజీ పేరు ఉండేది ఇక్కడే. రెండు మాటలకీ తేడా చివరి అక్షరం ఒక్కటే, ఒకదానికి బి, ఇంకోదానికి ఎన్. మూడో నాలుగో కార్బన్ కాపీలో ఆ అక్షరం అలుక్కుపోతే మారుపేరు కాస్తా పుట్టింటి పేరైపోతుంది. సైటులోని సూచికలో కూడా అలాగే ఎక్కి ఉండొచ్చు. కాబట్టి జాబితాలో కనిపించిన పేరుని నమ్మేసి ఊరుకోకూడదు. పత్రం బొమ్మ తెరిచి, పెద్దది చేసి, ఆ ఒక్క అక్షరం చూడాలి.

ఇక వెతకడం. పిల్ల తండ్రి పేరుతో మొదలుపెట్టండి, తర్వాత తల్లి, తర్వాత తాత, అమ్మమ్మ, నాయనమ్మ. వయసు మళ్ళినవాళ్ళకి వీసాలు దొరకడం కష్టమైంది, వెనక మిగిలినవాళ్ళలో వాళ్ళు ఎక్కువ. ఫలితాల పట్టికలో పేరుతో పాటు పుట్టిన తేదీ, పుట్టిన ఊరు కనిపిస్తాయి. ఇంటిపేరు కన్నా పుట్టిన తేదీనే నమ్ముకోవాలి. కాకపోతే దానికీ ఒక జబ్బుంది. జర్మన్లు రోజు, నెల, ఏడాది వరసలో రాస్తారు. అమెరికన్ టైపిస్టు చేతిలో పడ్డ కాగితంలో రోజూ నెలా తారుమారవుతాయి. 3.11. అన్నది 11.3. అవుతుంది. రోజు 12 దాటితే ఈ బెడద లేదు, 12 లోపు అయితే రెండు రకాలుగానూ చూడాలి.

ఇంటిపేరు ఒక్కో భాషలో ఒక్కో రకంగా రాస్తారు. జర్మన్ ష్వార్ట్స్, పోలిష్ ష్వార్ట్స్, చెక్ ష్వార్ట్స్ చెవికి దాదాపు ఒకటే వినిపిస్తాయి, అక్షరాలు మాత్రం మూడు రకాలు. అసలు ఆరోల్సెన్ పాత పేర్ల కార్డుల బీరువాలని అక్షరక్రమంతో పాటు ఉచ్చారణ ప్రకారం కూడా సర్దింది ఇందుకే. సుమారు 5 కోట్ల కార్డులు అవి. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఆ వెసులుబాటు ఉంటుందని ధీమా పడొద్దు. ఒక్కో రాతనీ విడిగా కొట్టి చూడండి. ఊళ్ళకీ అదే తంతు: లెంబెర్గ్, ల్వూఫ్, ల్వివ్ ఒకే ఊరు. బ్రెస్లావ్, వ్రొత్సువాఫ్ ఒకే ఊరు. బ్ర్యున్, బ్ర్నో ఒకే ఊరు. వియన్నా కుటుంబాల పెద్దవాళ్ళలో గలీషియా (ఇప్పటి పోలండ్, ఉక్రెయిన్‌ల మధ్య పంచుకుపోయిన ప్రాంతం) పల్లెల్లో పుట్టినవాళ్ళు బోలెడుమంది, ‘వియన్నా’ అని వడపోత పెడితే వాళ్ళంతా జారిపోతారు.

పేరు మధ్యలో ‘సారా’, ‘ఇస్రాయెల్’ అని కనిపిస్తే అవి అమ్మానాన్నలు పెట్టిన పేర్లనుకోకండి. 1938 ఆగస్టు ఉత్తర్వు ప్రకారం, 1939 జనవరి 1 నుంచి, యూదుల్లో, యూదు పేరని ప్రభుత్వం గుర్తించిన పేరు లేనివాళ్ళంతా ఆడవాళ్ళయితే సారా, మగవాళ్ళయితే ఇస్రాయెల్ అని తగిలించుకోవాల్సి వచ్చింది. వెతుకుడు గడిలో ఈ పేర్లు వెయ్యొద్దు, వేల ఫలితాలు వచ్చి పడతాయి. ఒక రకంగా ఇది తేదీ ముద్ర లాంటిది కూడా. సారా అని ఉన్న కాగితం 1939కి ముందుది అయ్యే అవకాశం చాలా తక్కువ.

పిల్ల స్వయంగా కనిపించే అవకాశం ఉన్న ఒక చోటుంది, దాన్ని మాత్రం వదలకూడదు: జర్మనీ యూదుల సంఘమైన రైష్‌ఫెరైనిగుంగ్ వాళ్ళ కార్డుల పెట్టె. అందులో బడిపిల్లల కార్డులు విడిగా ఉన్నాయి. పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, బడి వివరాలు. అడుగునో పక్కనో పెన్నుతో ఒక్క మాట: ‘ఔస్‌గెవాండర్ట్’, దేశం విడిచి వెళ్ళిపోయింది అని. కొన్నిటి మీద ఇంగ్లండ్ అని కూడా ఉంటుంది. ఆ ఒక్క మాట కోసం గంటసేపు వెతికినా దండగ కాదు. పిల్ల వెళ్ళేముందు ఏ వీధిలో ఉందో తేల్చేది ఈ చిరునామాయే. అయితే కార్డులన్నీ మిగల్లేదు. ఆ సంఘం ఏర్పడిందే 1939 జూలైలో. అంతకుముందే ఓడెక్కిన పిల్లకి కార్డు లేకపోతే ఆశ్చర్యం లేదు. వియన్నా దీని పరిధిలో లేదు.

తల్లిదండ్రుల విషయంలో ఎక్కువగా దొరికేవి ట్రాన్స్‌పోర్ట్ లిస్టులు, అంటే ఘెట్టోలకీ క్యాంపులకీ తరలించినవాళ్ళ పేర్ల పట్టికలు. బెర్లిన్ లిస్టు ఒకటి తెరిచి చూడండి. టైపు చేసిన వరసలు: క్రమ సంఖ్య, ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, వృత్తి, పెళ్ళయిందా లేదా, చిరునామా. పెన్నుతో కొట్టేసిన పేర్లు ఉంటాయి. కొట్టేసినంత మాత్రాన ఆ మనిషి బతికిపోయినట్టు కాదు, తర్వాతి లిస్టులో చూడాలి. చిరునామా దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. అది పిల్ల పెరిగిన ఇల్లు అనుకుని ఆ వీధిని వర్ణిస్తూ అధ్యాయం రాసేసేవాళ్ళున్నారు. 1939 ఏప్రిల్ 30 చట్టంతో యూదు అద్దెదారులకి రక్షణ పోయింది, కుటుంబాలని కొన్ని ఇళ్ళలోకి కుక్కారు. లిస్టులో ఉన్నది తరచుగా ఆ ఆఖరి గది చిరునామా, పిల్ల దాన్ని చూసి కూడా ఉండదు. పిల్ల ఇల్లు కావాలంటే బడి కార్డో 1939కి ముందరి ఊరి డైరెక్టరీయో చూడాలి.

తేదీలు పోల్చడానికి పిల్ల దగ్గరున్న రెడ్‌క్రాస్ సందేశాలు పనికొస్తాయి. యుద్ధంలో శత్రుదేశానికి ఉత్తరాలు పోవు కాబట్టి 25 మాటలకి మించని ఫారాలు రెడ్‌క్రాస్ ద్వారా తిరిగాయి. వియన్నా నుంచి పెద్దఎత్తున తరలింపులు 1941 అక్టోబరు 15న, బెర్లిన్ నుంచి అక్టోబరు 18న మొదలయ్యాయి. ఆఖరి సందేశం మీది తేదీకి తర్వాత వచ్చే లిస్టులే ముందు చూడండి. అన్నట్టు సందేశం పిల్ల చేతికి అందేసరికి నెలలు గడిచేవి. అందిన తేదీ కాదు, అవతల రాసిన తేదీ పట్టుకోవాలి. ఫారం మీద రెండూ ఉంటాయి.

ఈ సేవలో అసలైన నిధి టి.డి. ఫైళ్ళు. ట్రేసింగ్ (విచారణ), డాక్యుమెంట్ (దస్తావేజు) అనే రెండు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలవి. సుమారు 30 లక్షల ఫైళ్ళు. ఎవరో ఒకరు ‘మా అమ్మ ఏమైంది’ అని రాస్తే ఒక నంబరు వేసి ఫైలు తెరిచారు. అమ్మ పేరుతో ఉన్న కార్డు మీద గానీ, ఇంకే కాగితం మీద గానీ టి.డి. అని, పక్కన అంకెలు కనిపిస్తే ఆ మనిషి కోసం ఎవరో అడిగారన్నమాట. అడిగినవాళ్ళెవరు? లండన్‌లో ఉన్న పిల్లే కావచ్చు, ఆమెని పెంచిన అత్త కావచ్చు. 1950ల నుంచి నష్టపరిహారం కేసులు చూసే జర్మన్ ఆఫీసులు కూడా అడిగాయి. అలాంటి ఫైల్లో అప్పటికి పెద్దదైపోయిన పిల్ల పెళ్ళి తర్వాతి ఇంటిపేరు, అప్పటి చిరునామా దొరికే అవకాశం ఉంది. పాతికేళ్ళ ఖాళీ ఒక్క ఉత్తరంతో పూడిపోవచ్చు. పిల్ల పేరుతో ఏమీ దొరకనప్పుడు తల్లి పేరుతో వెతకమనేది ఇందుకే. ఈ కాగితాల్లో పిల్ల వెతికినమనిషిగా కనిపిస్తుంది, వెతకబడ్డమనిషిగా కాదు.

ఫైలు ఆన్‌లైన్‌లో తెరుచుకోకపోయినా నంబరు రాసిపెట్టుకోండి. ఆర్కైవ్ సిబ్బందినే వెతికిపెట్టమని పంపే విచారణ ఫారం ఒకటుంది, అది నింపేటప్పుడు ఈ నంబరు వేస్తే వాళ్ళకి పని తగ్గుతుంది.

కాగితాలు చదవడం రాకపోతే? ఇక్కడే వీళ్ళని మెచ్చుకోవాలి. ఇ-గైడ్ అని ఒక విడి భాగం పెట్టారు. క్యాంపు కార్డు, నిర్వాసితుల రిజిస్ట్రేషన్ కార్డు, సి.ఎం.1 దరఖాస్తు లాంటి కాగితాల నమూనా బొమ్మలు అందులో ఉంటాయి. బొమ్మ మీద ఏ గడి నొక్కితే ఆ గడిలో ఏం రాస్తారో, ఎవరు రాస్తారో, ఎందుకు రాస్తారో వివరణ వస్తుంది. సి.ఎం.1 గురించి ఒక మాట. యుద్ధం తర్వాత సహాయం కోరుకున్నవాళ్ళు నింపిన ఫారం అది. గడిచిన పన్నెండేళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో, ఏ పని చేశారో, ఏ భాషలు వచ్చో అన్నీ అడుగుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరు బతికి బయటపడి శిబిరంలో చేరినట్టయితే, ‘ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నారు’ అన్న చోట లండన్‌లో ఉన్న బంధువు పేరు పడి ఉండొచ్చు. చేతిరాత మాత్రం మీరే పడాలి. పాత జర్మన్ రాతలో ‘ఇ’ చూడ్డానికి ‘ఎన్’ లాగే ఉంటుంది, ‘ఎస్’ రెండు మూడు రకాలుగా ఉంటుంది. ఆ అక్షరమాల పట్టిక ఒకటి అచ్చు తీసుకుని పక్కన పెట్టుకోవడం కన్నా మంచి దారి లేదు.

సైటు లోపాల్లో పెద్దది: ఒక మనిషికి సంబంధించిన కాగితాలు ఒకచోట కట్టగట్టి రావు. ఒకే తల్లి అయిదు చోట్ల అయిదు రాతలతో కనిపిస్తే, ఆ అయిదుగురూ ఒక్కరేనని తేల్చాల్సింది మీరు. ఏ కాగితం ఏ విభాగంలోదో సంఖ్యల గుర్తు ఉంటుంది. బొమ్మ దింపుకునేటప్పుడే ఆ గుర్తు ఫైలు పేరులో రాసుకోకపోతే వారం తర్వాత ఏది ఎక్కణ్ణించి వచ్చిందో తెలీక తలపట్టుకుంటారు.

ఇంకో రెండు ఖాళీలు. వియన్నా పిల్లకైతే ఆరోల్సెన్ కన్నా ముందు చూడాల్సింది అక్కడి యూదు సమాజం 1938 మే నుంచి నింపించిన వలస ప్రశ్నాపత్రాలు. కుటుంబ పెద్ద నింపేవాడు. విదేశాల్లో ఉన్న బంధుమిత్రుల పేర్లు, చిరునామాలు రాయాల్సిన గడి అందులో ఉంది. లండన్ అత్త కాగితాల మీదికి మొదటిసారి ఎక్కేది చాలాసార్లు అక్కడే. రెండో ఖాళీ పోలండ్ పౌరసత్వం ఉన్న కుటుంబాలది. 1938 అక్టోబరు చివర్లో దాదాపు 17,000 మందిని జర్మనీ ఒక్కసారిగా సరిహద్దు దాటించేసింది, వాళ్ళలో వేలమంది పోలండ్ సరిహద్దు ఊరు జ్బోన్షిన్ దగ్గర ఇరుక్కుపోయారు. ఆ తల్లిదండ్రులు తర్వాతి బెర్లిన్ లిస్టుల్లో సాధారణంగా ఉండరు. లేరు కదా అని బతికే ఉంటారనుకుంటే పప్పులో కాలేసినట్టే.

లండన్ వైపు సంగతికొస్తే ఆరోల్సెన్ దాదాపు మౌనం. అది దాని తప్పు కాదు గానీ, ఇక్కడ అసలు దొరకని వాటి కోసం రోజులు తగలెయ్యకూడదు కాబట్టి క్లుప్తంగా.

బ్రిటన్‌లో 1939 సెప్టెంబరు 29న ఇంటింటి రిజిస్టర్ రాశారు. పేరు, పుట్టిన తేదీ, వృత్తి, చిరునామా ఉంటాయి. నూరేళ్ళు నిండనివాళ్ళ వరసలు, చనిపోయినట్టు రుజువు లేకపోతే, మూసి ఉంటాయి. అంటే 1930లో పుట్టిన పిల్ల పేరు నల్లపట్టీ కింద ఉంటుంది, అత్త పేరు పైకి కనిపిస్తుంది. అత్త పేరు కింద మూసిన వరస ఉంటే అది పిల్లే అయ్యుండొచ్చు, రుజువు మాత్రం కాదు. పైగా స్టేజీవాళ్ళు ఆ రాత్రి ఎక్కడున్నారన్నది వేరే చిక్కు. సెప్టెంబరు 3న యుద్ధం ప్రకటించగానే థియేటర్లన్నీ మూయించారు, తర్వాత కొద్ది వారాల్లో దఫదఫాలుగా తెరిచారు. వెరైటీ షోలు సోమవారం నుంచి శనివారం దాకా ఒక ఊళ్ళో, ఆదివారం రైలు, మళ్ళీ సోమవారం ఇంకో ఊళ్ళో. 29 శుక్రవారం. ప్రదర్శన ఉన్నవాళ్ళు అద్దె గదుల ఇంట్లో దొరుకుతారు, లేనివాళ్ళు సొంత చిరునామాలో. పిల్ల వాళ్ళ వెంట ఉందో, బడితో పాటు పల్లెకి తరలిపోయిందో రెండూ చూడాలి. ఆ నెల మొదట్లోనే పెద్ద ఊళ్ళ బడులు పిల్లల్ని పల్లెలకి పంపేశాయి.

అత్త జర్మన్ లేదా ఆస్ట్రియన్ పౌరురాలైతే లండన్‌లో కియూ అనే చోట ఉన్న బ్రిటిష్ జాతీయ ఆర్కైవ్స్‌లో హెచ్.ఓ. 396 అనే హోం ఆఫీసు కార్డుల వరస చూడాలి. శత్రుదేశ పౌరుల్ని ట్రిబ్యునళ్ళు ఎ, బి, సి అని మూడు తరగతులు చేశాయి, ఆ నిర్ణయం కార్డు మీద ఉంటుంది. పుట్టిన తేదీ, వృత్తి, చిరునామా కూడా. బి తరగతి ఆడవాళ్ళని 1940 మే చివర్లో పట్టుకెళ్ళి మాన్ ద్వీపంలో నిర్బంధించారు. ఆ నెలలో పిల్ల చిరునామా ఉన్నట్టుండి మారిపోతే కారణం బాంబులు కాకపోవచ్చు, బాంబు దాడులు పెరిగింది సెప్టెంబరులో. పదహారు నిండని పిల్లకి సొంత కార్డు ఉండదు, నిండాక వెతకండి.

స్టేజీ పేరునీ అసలు పేరునీ కలిపి చూపించే కాగితాల్లో ఉచితంగా దొరికేది లండన్ గెజెట్. యుద్ధం తర్వాత పౌరసత్వం ఇచ్చినవాళ్ళ జాబితాలు అందులో అచ్చయ్యాయి: అసలు పేరు, ‘ఫలానా పేరుతో తెలిసిన’ అని మారుపేరు, దేశం, వృత్తి, చిరునామా, తేదీ. ఒక్క వరసే, కానీ మీ మూడో గడి నిండుతుంది. ఆ పేరు పట్టుకుని ‘ది స్టేజ్’ వారపత్రిక పాత సంచికల్లోకి వెళితే ఏ వారం ఏ ఊళ్ళో ఆడిందో వరసగా బయటపడుతుంది. స్టేజీ పేరు తెలియకుండా ఆ పత్రికలో వెతకడం గడ్డివాములో సూది వెతకడమే.

ఆరోల్సెన్ దగ్గరికే తిరిగొస్తే, ఆన్‌లైన్‌లో చూడాల్సినవన్నీ చూశాక విచారణ ఫారం పంపండి. అదీ ఉచితమే. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో దారి కూడా ఉంది: లండన్‌లోని వీనర్ హోలోకాస్ట్ లైబ్రరీ దగ్గర ఈ ఆర్కైవ్ డిజిటల్ నకలు ఉంది. ఫారంలో పిల్ల పేరు ఒక్కటే రాసి పంపితే ‘వివరాలు లేవు’ అని జవాబు వచ్చే ప్రమాదమే ఎక్కువ. తల్లి, తండ్రి ఇద్దరి పేర్లూ పుట్టింటి ఇంటిపేర్లతో సహా రాయండి. పుట్టిన తేదీలు రాయండి, అనుమానం ఉంటే రెండు రకాలుగానూ. 1939కి ముందరి చిరునామా, ఆఖరి సందేశం తేదీ, టి.డి. నంబరు. ‘అదనపు సమాచారం’ గడిలో బంధువు అసలు పేరు, స్టేజీ పేరు, తండ్రి వైపా తల్లి వైపా అన్నది విప్పి చెప్పండి, ఆంట్ అని రాసి వదిలెయ్యకండి. యుద్ధం తర్వాత లండన్‌లో వాళ్ళుండే చిరునామా తెలిస్తే అదీ చేర్చండి, పాత విచారణ ఉత్తరాన్ని గుర్తుపట్టడానికి పనికొస్తుంది. జవాబుకి నెలలు పట్టడం మామూలే. ఈలోగా అదే ప్రశ్న రెండోసారి పంపొద్దు, కొత్త పేరో తేదీయో దొరికితే మొదటి విచారణ నంబరు వేసి దానికే చేర్చమని రాయండి.